పదమూడు ముక్కల చేతికి రెండు ముక్కల ఆట: చింతపిక్కలతో పోకర్ నేర్చుకోవడం

మారతహళ్లిలో శనివారం సాయంత్రం వాన పట్టుకుందంటే ఇక ఎక్కడికీ కదలలేం. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగిపోయిన బండ్ల ఎర్రలైట్లు మా బాల్కనీలోంచే కనిపిస్తాయి. అలాంటి సాయంత్రాల్లో మా ఇంట్లో పేక బయటికొస్తుంది. ఏళ్ల తరబడి రమ్మీయే ఆడాం. 101 పూల్, రెండు గ్లాసుల టీ, ఒక చిన్న గొడవ. ఒకరోజు ఆరుగురం పోగయ్యాం, ఉన్నది ఒకటే పేక. ఆరుగురికి పదమూడేసి ముక్కలంటే డెబ్బై ఎనిమిది, పేకలో ఉన్నవి యాభై రెండు. కింది ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు కుర్రాడు "అన్నా, పోకర్‌కి ఒక్క పేక చాలు, నేను నేర్పిస్తా రండి" అన్నాడు.

ఆ రాత్రి నలభై నిమిషాల్లో నా ముందున్న గింజలన్నీ (డబ్బుకు బదులు చింతపిక్కలు, రాజ్మా గింజలే పెట్టుకున్నాం) ఖాళీ. ఇరవై ఏళ్లుగా పేక పట్టినవాణ్ణి, వాడు పుట్టకముందు నుంచే ఆడుతున్నవాణ్ణి. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, నన్ను ముంచింది నా రమ్మీ అలవాటే. రమ్మీలో చేతికొచ్చిన ముక్కల్ని సర్దుకుంటూ, ఒకటి తీసి ఒకటి వేస్తూ బాగుచేసుకుంటాం. పోకర్‌లో వచ్చిన రెండు ముక్కల్ని బాగుచేసుకునే వీలు లేదు. నచ్చకపోతే పారేయాలి. ఎక్కువసార్లు పారేయాలి. ఈ ఒక్క సంగతి ఒంటికి పట్టేసరికి నాకు మూడు నెలలు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

పోకర్‌లో చాలా రకాలున్నాయి. ఇక్కడ చెప్పేది అందరూ ఆడే టెక్సస్ హోల్డెమ్ గురించి. టెక్సస్‌లోని రాబ్స్‌టౌన్ అనే ఊళ్లో 1900ల మొదట్లో పుట్టిందని ఆ రాష్ట్ర శాసనసభే గుర్తించిన ఆట ఇది. లాస్ వేగస్‌లో 1970లో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో ప్రధాన పోటీ ఈ ఆటలోనే జరుగుతుంది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ 86 డాలర్ల ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా లోపలికొచ్చి 25 లక్షల డాలర్లు గెలిచాక ప్రపంచమంతా దీని మీద పడింది. ఇంటిపేరు నిజంగా మనీమేకరే, కల్పన కాదు.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం

ఇది పందెం కాసి ఆడేవాళ్ల కోసం కాదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుదే. మూడు ముక్కలాటలా కేవలం అదృష్టం మీద నడిచేది కాదని ఆ తీర్పులో ఉంది. దాన్ని పట్టుకుని పోకర్ కూడా నైపుణ్యమేనని చాలాకాలం కోర్టుల్లో వాదనలు నడిచాయి. ఆన్‌లైన్ వరకూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ వాదన అవసరమే లేకుండా చేసింది: నైపుణ్యమైనా, అదృష్టమైనా, డబ్బు పెట్టించి ఆన్‌లైన్‌లో ఆడించడం నిషేధం. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ అంతకుముందే తమ చట్టాలు మార్చుకున్నాయి. కాబట్టి ఎవరైనా ఫోన్లో లింకు పంపి "బోనస్ ఇస్తారు, రా" అంటే వెళ్లకండి.

అయితే ఒక చిక్కుంది. గింజలకు విలువే లేకపోతే ఎవరూ ముక్కలు పారేయరు. "పోతే గింజలేగా" అని ప్రతిదానికీ దిగుతారు, ఆట ఆటలా ఉండదు. దీనికి మా ఆవిడ కనిపెట్టిన మందు బాగా పనిచేసింది. రాత్రి ఆట ముగిసేసరికి తక్కువ గింజలున్న ఇద్దరు గిన్నెలు తోమాలి. పైగా ఎవరి లెక్క ఎంతో ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీద వారంవారం ఎక్కుతుంది. ఆ కాగితం పెట్టిన వారం నుంచే జనం ఆలోచించి ఆడటం మొదలుపెట్టారు.

సరంజామా

పేక ఒకటి, జోకర్లు తీసేసి. ప్లాస్టిక్ పేకైతే మంచిది. అట్టముక్కలు వాన తేమకు వంగుతాయి, వంగిన ఆసు ఎవరి చేతిలో ఉందో బల్లంతటికీ తెలిసిపోతుంది.

చిప్స్ కొనక్కర్లేదు. మా లెక్క ఇది. చింతపిక్క 1, రాజ్మా గింజ 5, క్యారమ్ కాయిన్ 25. ఒక్కొక్కరికి 20 పిక్కలు, 21 రాజ్మా, 3 కాయిన్లు. మొత్తం 200. ఆరుగురికి కాయిన్లు పద్దెనిమిది కావాలి, క్యారమ్ పెట్టెలో తెల్లవీ నల్లవీ కలిపి సరిగ్గా పద్దెనిమిదే ఉంటాయి. మిగిలిన రెడ్‌ని డీలర్ గుర్తుగా వాడతాం. ఎవరి ముందు రెడ్ ఉంటే ఆ ఆటకు వాళ్లు డీలర్. ఆట అయ్యాక అది ఎడమ పక్కవాళ్లకు జరుగుతుంది.

ఏది దేనికంటే పెద్దది

ఇక్కడ తొందరపడకండి. ఈ వరుస నోటికి రాకుండా ఆడితే గెలిచే ముక్కలు పారేసుకుంటారు. అన్నిటికన్నా పెద్దది రాయల్ ఫ్లష్: ఒకే గుర్తులో ఆసు, రాజు, రాణి, జాకీ, పది. తర్వాత స్ట్రెయిట్ ఫ్లష్, అంటే ఒకే గుర్తులో వరుసగా ఐదు. తర్వాత ఒకే అంకె నాలుగు, దాన్ని ఫోర్ ఆఫ్ ఎ కైండ్ అంటారు. తర్వాత ఫుల్ హౌస్, ఒక అంకె మూడు, ఇంకొక అంకె రెండు. తర్వాత ఫ్లష్, ఐదూ ఒకే గుర్తు. తర్వాత స్ట్రెయిట్, గుర్తుతో పని లేకుండా వరుసగా ఐదు. తర్వాత త్రీ ఆఫ్ ఎ కైండ్, రెండు జతలు, ఒక జత. ఏదీ లేకపోతే పెద్ద ముక్క.

మూడు ముక్కలాట ఆడినవాళ్లు ఇక్కడే తడబడతారు. అందులో సీక్వెన్స్ (వరుసగా మూడు) కలర్ (మూడూ ఒకే గుర్తు) కంటే పెద్దది. ఇక్కడ తలకిందులు, ఫ్లష్ స్ట్రెయిట్ కంటే పెద్దది. మా బావమరిది దీన్ని ఒప్పుకోక అరగంట వాదించాడు. లెక్క వేసి చూపిస్తే గానీ ఊరుకోలేదు. మూడు ముక్కలు తీస్తే కలర్ 1,096 విధాలుగా వస్తుంది, సీక్వెన్స్ 720 విధాలుగానే. తక్కువ వచ్చేది పెద్దది కాబట్టి సీక్వెన్స్ గెలుస్తుంది. ఐదు ముక్కల్లో ఫ్లష్ 5,108 విధాలు, స్ట్రెయిట్ 10,200. అరుదైనదే పెద్దదన్న సూత్రం రెండుచోట్లా ఒకటే, ముక్కలు పెరిగేసరికి ఏది అరుదో మారిపోయింది. (అయినా మూడు ముక్కలాటకు ఈ సూత్రం పూర్తిగా అంటదు. ట్రయిల్, అంటే ఒకే అంకె మూడు, 52 విధాలుగా వస్తుంది. ప్యూర్ సీక్వెన్స్, అంటే ఒకే గుర్తులో వరుసగా మూడు, 48 విధాలే. అయినా ట్రయిలే పెద్దది. ఎవరు పెట్టారో గానీ లెక్క చూసుకోలేదు.)

మిగతావాటి అరుదు కూడా ఒకసారి చూడండి. మొత్తం ఐదు ముక్కల చేతులు 25,98,960. అందులో రాయల్ ఫ్లష్‌లు 4. ఒకే అంకె నాలుగు వచ్చేవి 624. ఫుల్ హౌస్ 3,744. ఒక జత మాత్రం 10,98,240. ఏమీ లేనివి 13,02,540, అంటే సగం పైనే. ఇది గుర్తుంటే ఒక జత కనబడగానే ఎగిరి గంతేయరు, ఏమీ రాలేదని కుంగిపోరు కూడా.

ఇంకో మూడు చిన్న విషయాలు. ఆసు పైనా కిందా రెండువైపులా పనిచేస్తుంది: పది నుంచి ఆసు దాకా, లేదా ఆసు నుంచి ఐదు దాకా. రాణి, రాజు, ఆసు, రెండు, మూడు మాత్రం కుదరదు, రమ్మీలోలాగే. ఇస్పేట్ పెద్దది, కళావర్ చిన్నది అనే పద్ధతి ఈ ఆటలో లేదు, అన్ని గుర్తులూ సమానమే. మూడు జతలు అనేది లేదు, పెద్ద రెండే లెక్క.

ఒక ఆట ఎలా నడుస్తుంది

రెడ్ ఉన్నవాళ్లకు ఎడమవైపు మొదటివాళ్లు ఒక పిక్క ముందుకు పెడతారు, దాని పేరు స్మాల్ బ్లైండ్. వాళ్ల పక్కవాళ్లు రెండు పెడతారు, అది బిగ్ బ్లైండ్. బ్లైండ్ అనగానే మూడు ముక్కలాటలో ముక్కలు చూడకుండా ఆడటం గుర్తొస్తుంది. ఇక్కడ అది కాదు. ముక్కలు పంచకముందే పెట్టి తీరాల్సిన గింజలు, అంతే. అవి లేకపోతే ఆసుల జత కోసం తెల్లారేదాకా ఎదురుచూసినా ఎవరికీ నష్టం ఉండదు.

తలా రెండు ముక్కలు, మూసి. బిగ్ బ్లైండ్ తర్వాతి వ్యక్తి నుంచి పందెం మొదలవుతుంది. చేయగలిగినవి కొన్నే. ఫోల్డ్ అంటే ముక్కలు పారేయడం. కాల్ అంటే ముందు పెట్టినంత పెట్టి కొనసాగడం. రైజ్ అంటే పెంచడం. ఎవరూ ఏమీ పెట్టని రౌండులో చెక్ అని ఊరికే దాటవేయొచ్చు, లేదా బెట్ పెట్టొచ్చు. ఉన్నదంతా తోసేస్తే ఆల్ ఇన్. పెంచితే కనీసం ముందు పెంచినంతైనా పెంచాలి. రెండు మీద ఆరు చేశారంటే నాలుగు పెంచినట్టు, ఇంకొకరు పెంచాలంటే కనీసం పది చేయాలి.

అందరూ సమానం అయ్యాక డీలర్ పై ముక్క ఒకటి పక్కన మూసి పెట్టి, మూడు ముక్కలు బల్ల మధ్యలో తెరుస్తారు. దీన్ని ఫ్లాప్ అంటారు. మళ్లీ పందెం, ఈసారి రెడ్‌కి ఎడమవైపు ఇంకా ఆటలో ఉన్న మొదటి వ్యక్తి నుంచి. తర్వాత నాలుగో ముక్క, టర్న్. పందెం. ఐదో ముక్క, రివర్. ఆఖరి పందెం. అప్పటికీ ఇద్దరో ముగ్గురో మిగిలితే ముక్కలు తిప్పి చూపిస్తారు. మధ్యలో అందరూ పారేసి ఒక్కరే మిగిలితే ఏమీ చూపించక్కర్లేదు, గింజలన్నీ వాళ్లవే.

మా తొలి ఆటలో నేను ఫ్లాప్ పడగానే "షో" అని అరిచాను. అలవాటు. బల్లంతా నవ్వింది, నా దగ్గర ఏదో ఉందని తెలిసి అందరూ పారేశారు కూడా. ఈ ఆటలో మధ్యలో షో లేదు.

చేతిలో రెండు, బల్ల మీద ఐదు, మొత్తం ఏడు. అందులోంచి మేలైన ఐదు మాత్రమే లెక్క. చేతిలోవి రెండూ వాడొచ్చు, ఒకటి వాడొచ్చు, అసలు వాడకపోవచ్చు. దీని మీదే మా ఇంట్లో ఎక్కువ గొడవలయ్యాయి. బల్ల మీద రాజు, తొమ్మిది, ఆరు, నాలుగు, రెండు ఉన్నాయనుకోండి. ఒకరి చేతిలో రాజు, రాణి. ఇంకొకరికి రాజు, ఎనిమిది. ఇద్దరికీ రాజుల జతే, కానీ పక్కముక్కగా రాణి ఉన్నవాళ్లదే గెలుపు. ఆ పక్కముక్కని కిక్కర్ అంటారు. ఇప్పుడు బల్ల మీద ఆసు, రాజు, రాణి, జాకీ, తొమ్మిది ఉన్నాయి. ఒకరి దగ్గర ఆసు, నాలుగు. ఇంకొకరి దగ్గర ఆసు, రెండు. "నా నాలుగు పెద్దది కదా" అంటారు. కాదు. ఇద్దరి ఐదు ముక్కలూ రెండు ఆసులు, రాజు, రాణి, జాకీ. నాలుగుకూ రెండుకూ అందులో చోటే లేదు. గింజలు చెరిసగం.

ఒకరి దగ్గర తక్కువ గింజలుండి ఆల్ ఇన్ చేస్తే వాళ్లు పెట్టినంత మేరకే ఒక్కొక్కరి నుంచి గెలుచుకోగలరు. నలభై పెట్టినవాళ్లు ఒకరు, వంద పెట్టినవాళ్లు ఇద్దరు ఉంటే, నలభై చొప్పున 120 ఒక కుప్ప, దానికి ముగ్గురూ పోటీ. మిగిలిన 120 రెండో కుప్ప, అది ఆ ఇద్దరి మధ్యే.

ఒక ఆట, దగ్గర నుంచి

ఫ్రిజ్ మీది కాగితంలో చుక్క గుర్తు పెట్టుకున్న ఆట ఇది. రెడ్ నా ముందుంది. బావమరిది స్మాల్ బ్లైండ్, పై అంతస్తు అక్క బిగ్ బ్లైండ్. మొదట మాట్లాడాల్సింది నెల్లూరు కుర్రాడు. వాడి దగ్గర ఇస్పేట్ ఆసు, డైమండ్ రాజు. ఆరు చేశాడు. విజయనగరం మిత్రుడు పారేశాడు, మా ఆవిడ పారేసింది, నా దగ్గర రాజు, నాలుగు ఉంటే నేనూ పారేశాను (మూడు నెలల కిందటైతే ఆడేవాణ్ణి). బావమరిది తన ఒక్క పిక్క వదులుకున్నాడు. అక్క చేతిలో ఆటీన్ పది, ఆటీన్ తొమ్మిది. ఇంకో నాలుగు వేసి సమానం చేసింది. మధ్యలో 13.

ఫ్లాప్: ఆటీన్ రాజు, ఆటీన్ నాలుగు, కళావర్ ఏడు. కుర్రాడికి రాజుల జత, ఆసు కిక్కర్. అక్కకు ఇంకా ఏమీ లేదు, కానీ ఆటీన్లు నాలుగయ్యాయి. ఇంకొకటి పడితే ఫ్లష్. అక్క చెక్ అంది. కుర్రాడు ఎనిమిది పెట్టాడు. కుప్ప 21.

ఇక్కడ ఆగి లెక్క నేర్చుకోవాలి. పేకలో ఒక్కో గుర్తుకు పదమూడు ముక్కలు. అక్కకు కనబడినవి నాలుగు, మిగిలినవి తొమ్మిది. మనకు పనికొచ్చే ఇలాంటి ముక్కల్ని అవుట్స్ అంటారు. నోటి లెక్కకు ఒక చిట్కా ఉంది. ఒక్క ముక్క రావాల్సి ఉంటే అవుట్స్‌ని రెండుతో, రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో గుణించండి, వచ్చేది దాదాపు శాతం. తొమ్మిదికి టర్న్‌లో 18, టర్న్ రివర్ రెండూ కలిపి 36. అసలు లెక్కలు 19, 35. ఈ మాత్రం తేడాతో ఇబ్బంది లేదు. వరుసగా నాలుగుండి రెండు చివర్లూ తెరిచి ఉంటే అవుట్స్ ఎనిమిది. మధ్యలో ఒకటి తక్కువైతే నాలుగే. ఆ మధ్య ముక్క కోసం ఎదురుచూడటం రమ్మీలో మనకు అలవాటు, ఇక్కడ అది ఖరీదైన అలవాటు.

రెండో సగం: ఎంత పెడితే ఎంత వస్తుంది? అక్క 8 పెడితే కుప్పలో ఉన్న 21 కోసం పోటీపడుతుంది. తనది కలిపితే 29. 29లో 8 అంటే దాదాపు 28 శాతం. అంతకంటే ఎక్కువసార్లు గెలిస్తేనే ఆ ఎనిమిది గిట్టుబాటు. రెండు ముక్కలకూ కలిపి 35 శాతం ఉంది కదా అనుకుంటాం. కానీ టర్న్ తర్వాత కుర్రాడు మళ్లీ పెడతాడు, రివర్ చూడాలంటే మళ్లీ కట్టాలి. ఈ ఎనిమిదికి కచ్చితంగా దొరికేది ఒక్క ముక్కే, అంటే 19 శాతం. కొత్తవాళ్లు అందరూ చేసే తప్పు ఇదే, ఒక ముక్క ధర కట్టి రెండు ముక్కల శాతం చూసుకోవడం.

అక్క కట్టింది. కుప్ప 29. టర్న్ ఇస్పేట్ రెండు. ఎవరికీ పనికిరాలేదు. కుర్రాడు 20 పెట్టాడు. అక్క కాసేపు పైకి చూసి, "పోనీలే, గిన్నెలు తోముతాలే" అని కట్టింది. కుప్ప 69. రివర్ ఆటీన్ ఆరు.

అక్క 40 పెట్టింది. కుర్రాడు రాజుల జతను పారేయలేక కట్టాడు. 149 గింజలు అక్క వైపు వెళ్లాయి. "అదంతా లక్కు అక్కా, నువ్వు అక్కడ పారేయాలి" అని వాడు గింజుకున్నాడు. మేమూ అదే అన్నాం.

రాత్రి గిన్నెలు తోముతూ (ఆ వారం నా వంతు) లెక్క వేశాను. టర్న్ తర్వాత అక్కకు కనబడని ముక్కలు 46. అందులో 9 గెలిపిస్తాయి, 37 ఓడిస్తాయి. కుప్పలో 49 ఉంటే 20 కట్టింది. ఆఖర్న ఇంకేమీ రాదనుకుంటే, 46 సార్లలో తొమ్మిదిసార్లు 49 చొప్పున 441 వస్తాయి, ముప్పై ఏడుసార్లు 20 చొప్పున 740 పోతాయి. నష్టమే. కానీ ఆటీన్ పడ్డాక కుర్రాడు ఇంకో 40 కట్టేవాడే అయితే? తొమ్మిదిసార్లు 89 చొప్పున 801. అప్పుడు 61 లాభం. అంటే అక్క ఆటను సరైనదిగా మార్చింది కుర్రాడి చివరి కాల్. బల్ల మీద రివర్‌లో మూడో ఆటీన్ కనబడి, అప్పటిదాకా చెక్ చేస్తున్న మనిషి హఠాత్తుగా 40 తోస్తే, అది దేని కోసమో వాడు చూడలేదు. తన రాజుల్నే చూసుకున్నాడు.

మర్నాడు వాడికి చెబితే, "అంటే అక్కది కరెక్టా?" అన్నాడు. నిన్ను బట్టి కరెక్టు, అన్నాను.

ఏ రెండు ముక్కలు ఆడాలి

రెండు ముక్కల జోడీలు మొత్తం 1,326. గుర్తుల తేడా తీసేస్తే 169 రకాలు. జత వచ్చేది పదిహేడుసార్లకు ఒకసారి. ఆసుల జత 221 సార్లకు ఒకసారి, అంటే ఒక సాయంత్రమంతా రాకపోయినా ఆశ్చర్యం లేదు.

మొదటి నెల ఇలా ఆడండి. ముందుగా మాట్లాడాల్సిన చోట కూర్చుంటే ఏడుల జత, ఆపైన. ఆసుతో రాజు లేదా రాణి. ఒకే గుర్తైతే ఆసు జాకీ, రాజు రాణి. ఇంకేదొచ్చినా పారేయండి. రెడ్ దగ్గరో, దాని కుడిపక్కనో ఉండి, మీకంటే ముందు అందరూ పారేస్తే కొంచెం వదులుగా ఉండొచ్చు: ఏ జతైనా, ఆసుతో ఒకే గుర్తు ఏదైనా, తొమ్మిది పది లాంటి ఒకే గుర్తు పక్కపక్క ముక్కలు. ఆడదలచుకుంటే కాల్ కంటే రైజ్ మేలు, బిగ్ బ్లైండ్‌కి రెండున్నర మూడు రెట్లు.

"ఒకే గుర్తు" అనేది కొత్తవాళ్లను బాగా మోసం చేస్తుంది. రాజు, మూడు రెండూ డైమండ్లే అని ఆడేస్తారు. ఒకే గుర్తు ముక్కలకు ఫ్లాప్‌లోనే ఫ్లష్ పడేది దాదాపు 119 సార్లకు ఒకసారి. మిగతా ముక్కలు బాగుంటే ఒకే గుర్తు అనేది చిన్న అదనం, అంతే. చిన్న జతలదీ అలాంటిదే: నాలుగుల జత పట్టుకుంటే ఫ్లాప్‌లో మూడో నాలుగు ఎనిమిదిన్నరసార్లకు ఒకసారి వస్తుంది. రానప్పుడు ఎవరైనా గట్టిగా పెడితే వదిలేయాలి.

రమ్మీవాళ్లకు ఒక పోలిక. 101 పూల్‌లో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో డ్రాప్ అయితే 40, చివరిదాకా ఉండి ఓడితే 80. ఆ లెక్క మనకు రక్తంలో ఉంది. పోకర్‌లో బ్లైండ్ పెట్టనివాళ్లకు మొదటి డ్రాప్ ఖర్చు సున్నా. 20కే డ్రాప్ అయ్యే మనుషులం, ఉచితంగా ఇస్తుంటే ఎందుకు వెనకాడతామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆఖర్న మాట్లాడేవాడి సుఖం

మొదట్లో ఎవరూ పట్టించుకోరు గానీ, ఈ ఆటలో కూర్చున్న చోటు ముక్కలంత ముఖ్యం. రెడ్ మీ ముందుంటే ఫ్లాప్ తర్వాత ప్రతి రౌండులోనూ మీరే చివర. అందరూ ఏం చేశారో చూశాకే మీరు నిర్ణయించుకుంటారు. పెళ్లిలో కట్నాల చదివింపుల దగ్గర అందరూ ఎంత రాయించారో విని మన కవరు తీయడం లాంటిది. అదే బ్లైండ్‌లో ఉంటే మొదట మీరే బయటపడాలి. నేను రాసుకుని చూశాను, నా గింజల్లో ఎక్కువ భాగం రెడ్ దగ్గరున్నప్పుడు వచ్చినవే, పోయినవి బ్లైండ్లలో ఉండి పోయినవే.

బ్లఫ్

పోకర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇదే, నేర్చుకునేటప్పుడు ఆఖరున పట్టించుకోవాల్సిందీ ఇదే. జత కాని రెండు ముక్కలకు ఫ్లాప్‌లో జత గానీ అంతకంటే మంచిది గానీ తగిలేది మూడుసార్లకు ఒకసారే. అంటే ముందు పెంచినవాళ్లు ఫ్లాప్‌లో కూడా ఒక చిన్న బెట్ పెడితే, ఎదుటివాళ్లకు ఎక్కువసార్లు ఏమీ ఉండదు. కుప్పలో సగం పెట్టారంటే ఎదుటివాళ్లు మూడుసార్లకు ఒకసారి పారేసినా మీకు సరిపోతుంది. కుప్పంత పెడితే రెండుసార్లకు ఒకసారి పారేయాలి. ఒక్కరి మీదే చేయండి, ముగ్గురి మీద చేయకండి. ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఏదో ఉంటుంది. ముక్కలు పారేయడం తెలియనివాళ్ల మీద అసలే వద్దు. మా బావమరిది మీద బ్లఫ్ చేయడం గోడకు ముద్దపప్పు తినిపించడమే, నాలుగుల జతతో రివర్ దాకా వస్తాడు. వాడి దగ్గర చేయాల్సింది మంచి ముక్కలొచ్చేదాకా ఆగి, వచ్చినప్పుడు పెద్దగా పెట్టడం.

ముఖం చూసి కనిపెట్టడం గురించి ఎక్కువ ఆశలు వద్దు. ఎవరు ఎప్పుడు ఎంత పెట్టారో గుర్తుపెట్టుకోవడమే ఎక్కువ పనికొస్తుంది. అయితే ఒకటి నిజం. మా ఆవిడ మంచి ముక్కలొస్తే టీ గ్లాసు కింద పెట్టేస్తుంది. ఆమెకు ఇది తెలియదు. దయచేసి ఎవరూ చెప్పకండి.

బల్ల దగ్గర

మీ వంతు వచ్చేదాకా ఏమీ అనకండి, పారేయాలనుకున్నా సరే. రైజ్ అని నోటితో చెప్పి ఒకేసారి పెట్టండి. ముందు కాల్ అంత పెట్టి, ఎదుటివాళ్ల ముఖం చూసి, మళ్లీ ఇంకొన్ని తోయడం ఒప్పుకోరు. పారేసినవాళ్లు "అయ్యో నా దగ్గర రాజు ఉండె" అని మధ్యలో అనడం పెద్ద తప్పు, ఆట నడుస్తున్నవాళ్లకు లెక్క మారిపోతుంది. గెలిచే ముక్కలున్నప్పుడు ఊరించి ఊరించి చూపించకండి. పక్కింట్లో పాపకు పరీక్షలుంటే ఆల్ ఇన్ అని అరవకండి, మాకు ఇది అనుభవం.

మొదటి నాలుగు శనివారాలు

మొదటి వారం పందెమే వద్దు. ముక్కలన్నీ తెరిచి పంచండి, ఐదు బల్ల మీద వేయండి, ఏడులో మేలైన ఐదు ఏవో ఒక్కొక్కరూ పైకి చెప్పండి. యాభైసార్లు చేస్తే కిక్కర్ గొడవలు తీరిపోతాయి. రెండో వారం గింజలతో ఆడండి, కానీ మొదట పారేసినవి, ఆడినవి కాగితం మీద గీతలు పెట్టుకోండి. నాలుగింటిలో ఒకటి కంటే ఎక్కువ ఆడుతుంటే మీరు నాలాంటివాళ్లే. మూడో వారం ఎవరైనా కాల్ అనేముందు అవుట్స్ ఎన్నో పైకి చెప్పాలని నియమం పెట్టండి. ముక్కలు బయటపడతాయి, పడనివ్వండి, అది పాఠం రోజు. నాలుగో వారం నుంచి మామూలు ఆట. పూర్తి చేయడానికి ఒక టైం పెట్టుకోండి, మాకు పదకొండు. పోయిన గింజలు రాబట్టుకోవాలని పదకొండు తర్వాత కూర్చున్న రాత్రుల్లో నేను ఒక్కసారీ రాబట్టుకోలేదు.

గింజల్ని ఆట అయ్యాక ఎండబెట్టి మూత బిగుతైన డబ్బాలో పెట్టండి, బెంగళూరు వానల్లో చింతపిక్కలకు పురుగు పడుతుంది. లెక్క చూసుకుని పెట్టాలి: పిక్కలు 120, రాజ్మా 126, కాయిన్లు 18, రెడ్ ఒకటి. మా డబ్బాలో ప్రస్తుతం పిక్కలు 117. ఆ మూడూ సోఫా కిందికి దొర్లాయని మా బావమరిది అంటాడు. వాడి జేబులోకి దొర్లాయని వాళ్లక్క అంటుంది.